ఆ సినిమాని చెవులతో చూడు, అబ్బయ్యా

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నాది చీమకుర్తి. గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరుగా చేస్తా. వయసు 33. ముగ్గురక్కల తర్వాత పుట్టినోణ్ణి, పెళ్లి కాలేదు. మొన్న రాత్రి 'పంచ్-డ్రంక్ లవ్' చూశా. రొమాంటిక్ కామెడీ అని రాసుంటే కాసేపు నవ్వుకుందామని పెట్టా. అరగంటకే గుండె దడ పట్టుకుంది. ఆపేద్దామనుకున్నా, ఆపలేకపోయా. ఆ హీరో అచ్చం నాలాగే ఉన్నాడు. ఇంతకీ ఇది కామెడీయేనా? ఆ హార్మోనియం ఏంది, ఆ పుడ్డింగు గోలేంది? ప్రేమ దొరికితే అలాంటోడు బాగైపోతాడనా వాళ్లు చెప్పేది?"

గుండె దడ పట్టుకుందని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క చాలు, నువ్వా సినిమాని సరిగ్గానే చూశావు. నవ్వు రాలేదే అని బాధపడబాకు. నవ్వు తర్వాత వస్తుంది, రెండోసారి చూసినప్పుడు.

నా సంగతి కొంచెం చెప్పాలి, నా జవాబు అక్కడినుంచే వస్తుంది కాబట్టి. మాది అద్దంకి దగ్గర పల్లె. మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నేను 1989లో మద్రాసు పోయి ఒక రికార్డింగు థియేటర్లో అసిస్టెంటుగా చేరి, తర్వాత మిక్సింగు ఇంజినీరునయ్యా. ముప్పై ఏళ్లు అదే పని. మాటలు, సంగీతం, అడుగుల చప్పుడు, తలుపు కిర్రు, వాన, అన్నిటినీ ఏది ఎంత వినపడాలో అంత పాళ్లలో కలపడం. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నా. ఈ సినిమాని చాలాసార్లు చూశా. కొన్నిసార్లు తెర మీద దుప్పటి కప్పి శబ్దం ఒక్కటే విన్నా. అలా విన్నప్పుడే నాకది పూర్తిగా దొరికింది.

సినిమా 2002లో వచ్చింది. తీసింది పాల్ థామస్ ఆండర్సన్. అంతకుముందు 1999లో ఆయన తీసిన సినిమా మూడు గంటల పైమాటే, ఇది 95 నిమిషాల్లో అయిపోతుంది. హీరో బ్యారీ ఈగన్‌గా ఆడమ్ శాండ్లర్. అప్పటిదాకా శాండ్లర్ అంటే ఉన్నట్టుండి కోపంతో ఊగిపోయి, అరిచి, కొట్టి నవ్వించే మనిషి. ఆండర్సన్ ఆ కోపాన్నే పట్టుకుని, ఇది నిజంగా ఒక మనిషికి ఉంటే వాడి రాత్రుళ్లు ఎలా గడుస్తాయని ఆలోచించాడనిపిస్తుంది నాకు. కాన్ చిత్రోత్సవంలో ఆ ఏడాది ఉత్తమ దర్శకుడి బహుమతి ఆయనకీ, కొరియా దర్శకుడు ఇమ్ క్వాన్-తేక్‌కీ కలిపి ఇచ్చారు. థియేటర్లలో మాత్రం పెద్దగా ఆడలేదు. నీకు పట్టిన దడే చాలామందికి పట్టి ఉంటుంది.

మొదటి బొమ్మ గుర్తు తెచ్చుకో. లాస్ ఏంజిలిస్ పక్కన శాన్ ఫెర్నాండో లోయలో ఒక పెద్ద గోడౌను. అంత గోడౌనులో ఒక మూల బల్ల, కుర్చీ, ఫోను. నీలం సూటేసుకుని బ్యారీ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటాడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఆ నీలం సూటు ఎందుకేసుకున్నాడని సినిమాలో ఒకరికి మించి అడుగుతారు, అతని దగ్గర సరైన జవాబుండదు. కాఫీ పట్టుకుని బయటికొస్తాడు. ఊరంతా నిశ్శబ్దం. ఉన్నట్టుండి ఒక కారు పల్టీలు కొట్టుకుంటూ పోతుంది. ఆ మోతకి మనం కుర్చీలో ఎగిరిపడతాం. వెంటనే ఒక వ్యానొచ్చి ఆగి, ఒక చిన్న హార్మోనియాన్ని రోడ్డు పక్కన దించేసి వెళ్లిపోతుంది. ఎవరు, ఎందుకు, ఏమీ చెప్పరు. ఆ పల్టీ కొట్టిన కారు సంగతి మళ్లీ రాదు.

నిశ్శబ్దం, మోత, తర్వాత ఒక వాయిద్యం. సినిమా అంతా ఈ మూడింటిలోనే ఉంది.

మన దగ్గర కామెడీ సీనుకి ఆర్.ఆర్., అంటే రీరికార్డింగు, వెనక వచ్చే సంగీతం, ఎలా చేస్తామో చెప్తా. రీలు తెర మీద నడుస్తుంటుంది. సంగీత దర్శకుడు స్టాపువాచి పట్టుకుని చూస్తాడు. హీరో జారిపడ్డాడా, అక్కడొక వాయింపు. మామగారు కళ్లు పెద్దవి చేశాడా, అక్కడ తబలా మీద ఒక జారుడు. ప్రేక్షకుడికి, ఇక్కడ నవ్వు బాబూ అని చెవిలో చెప్పడం అది. ఏడుపు సీనుకి వయొలిన్లు, భయానికి తంబూరా లాంటి ఒక ఒత్తు శ్రుతి. అంటే సంగీతం మన పక్కన, కుర్చీల్లో కూర్చుని ఉంటుంది. మనవైపు మనిషి అది.

ఈ సినిమాకి సంగీతం చేసిన జాన్ బ్రయాన్ ఆ పని చేయలేదు. ఆయన సంగీతం బ్యారీ తలకాయ లోపల కూర్చుంది. గోడౌను సీను మళ్లీ పెట్టు. వాళ్లక్క ఎలిజబెత్ తన స్నేహితురాలు లీనాని వెంటబెట్టుకుని వస్తుంది. బ్యారీ ఆమె ముందు మర్యాదగా నిలబడాలి. అక్కేమో పక్కకి లాగి ప్రశ్నలు వేస్తుంది. ఫోను మోగుతుంది, అది అతన్ని డబ్బు కోసం బెదిరిస్తున్న ఫోను. పెట్టేస్తాడు, మళ్లీ మోగుతుంది. వెనక ఫోర్క్‌లిఫ్టు గుద్దుకుంటుంది. వీటన్నిటి కింద గిన్నెలు, డబ్బాలు, చెక్కలు కొడుతున్నట్టు ఒక దరువు. దానికొక రాగం లేదు, ఒక సమం లేదు. మాటల మీదికి ఎక్కి వస్తుంది. నేను మిక్సింగులో అలా కలిపితే నిర్మాత కొట్టేవాడు, మాట వినపడట్లేదని. ఇక్కడ మాట వినపడకపోవడమే కావాల్సింది. బ్యారీకీ వినపడట్లేదు మరి. నీ దడ అక్కడినుంచి వచ్చింది. ఆ పది నిమిషాలు నీకు అతని చెవులు అరువిచ్చారు.

నువ్వు చీమకుర్తిలో రాళ్లు కోసే చోట పనిచేస్తున్నావు కాబట్టి నీకిది చెప్పక్కర్లేదు. రాళ్లు కోసే గాంగ్‌సా మెషీను, పాలిషింగు లైను, పైన క్రేను. సాయంత్రం యూనిట్ బయటికొచ్చాక కూడా చెవిలో ఆ హోరు తగ్గదు. ఇంటికొచ్చినాక అమ్మ మామూలుగా "కూర వేయనా" అన్నా అరిచినట్టుంటుంది. బ్యారీకి ఇరవైనాలుగు గంటలూ అంతే. అతని యూనిట్ అతని తలలోనే ఉంది.

ఇక అక్కలు. బ్యారీకి ఏడుగురు. ఒకరి తర్వాత ఒకరు ఫోను చేసి, సాయంత్రం విందుకి వస్తున్నావా లేదా అని అడుగుతారు. చెడ్డవాళ్లు కారు. అదే కష్టం. చెడ్డవాళ్లయితే ఎదురు తిరగొచ్చు. వీళ్లు నవ్వుతూ, అన్నం పెడుతూ, వీడు చిన్నప్పుడు సుత్తి విసిరి గాజు తలుపు పగలగొట్టిన కథ మళ్లీ చెప్పుకుంటారు. ఆ రోజు వీడు ఎందుకు విసిరాడో ఎవరికీ గుర్తుండదు, విసరడం మాత్రం గుర్తుంటుంది. మన ఇళ్లలోనూ అంతే కదా. ప్రతి ఇంట్లో ఒకడి మీద ఒక కథ ఉంటుంది, పండక్కి అందరూ చేరినప్పుడల్లా అది బయటికి తీస్తారు. బ్యారీ ఆ కథ విని కాసేపు నవ్వుతున్నట్టు నిలబడి, వెళ్లి వాళ్ల ఇంటి గాజు తలుపులు తన్ని పగలగొడతాడు.

దాని తర్వాత వచ్చే చిన్న సీను నువ్వు దాటేశావేమో. నాకు సినిమా మొత్తంలో అదే ముఖ్యం. బ్యారీ వాళ్ల బావని పక్కకి పిలిచి, తనకి ఒక్కోసారి తానంటే తనకే నచ్చదని, ఏదన్నా సాయం చేయగలవా అని అడుగుతాడు. ఆ బావ పళ్ల డాక్టరు. పళ్ల డాక్టర్ని నన్నడుగుతావేంది అంటాడాయన. సైకియాట్రిస్టు ఎవరన్నా తెలుసేమోనని బ్యారీ నసుగుతాడు. ఊరికే ఏడుపొస్తుందని చెప్పి, అక్కడే ఏడ్చేస్తాడు. అక్కలకి చెప్పబాకమని బతిమాలతాడు. సీను మీద హాల్లో నవ్వు వస్తుంది, పళ్ల డాక్టరనే మాటకి. ఆ నవ్వు వచ్చిన మరుక్షణం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇది కామెడీయేనా అని అడిగావు. ఇదే కామెడీ. ఒక మనిషి కాపాడమని అడగడానికి ధైర్యం చేసి, తీరా అడగరానివాణ్ణి అడిగాడు. అందులో నవ్వూ ఉంది, ఏడుపూ ఉంది, రెండిటినీ విడదీసే అవసరం ఆ దర్శకుడికి కనపడలేదు.

హార్మోనియం సంగతి చెప్తా. దీని గురించి ఎంతసేపైనా రాయగలను.

ఈ వాయిద్యం పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో పుట్టింది. కాలితో తొక్కితే తిత్తిలోకి గాలి పోయి, ఆ గాలి ఇత్తడి రీడ్ల మీదుగా దూరి పలుకుతుంది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని ఒక చేత్తో తిత్తి ఊదుతూ, ఒక చేత్తో మెట్లు నొక్కుతూ నేలమీద కూర్చుని వాయించేలా మార్చాడు. మన నాటకాలోళ్లు మాత్రం కాలిపెట్టెని చాలాకాలం వదల్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నటుడు పద్యం ఎత్తుకుని పై షడ్జంలో రాగం లాగుతుంటే వెంటబడి పోవచ్చు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చడం, దాని మీద పలకదని. 1971 దాకా ఆ నిషేధం అట్లానే ఉంది. మా నాన్నకి రేడియోలో వాయించాలని ఉండేది. ఆ ఆశ తీరలేదు, స్టేజీ మీదే ఆయన జీవితం గడిచిపోయింది.

ఒకసారి సంతనూతలపాడు వైపు ఒక తిరునాళ్లలో హరిశ్చంద్ర. నాకు పదేళ్లు ఉంటాయి. పెట్టె తెరిచి చూస్తే తిత్తిని ఎలుక కొరికింది. రాత్రి పదిన్నర, జనం కూర్చున్నారు. నాన్న కాలితో తొక్కుతున్నాడు, స్వరం లేచి లేచి పడిపోతోంది, మనిషి ఊపిరి తీసుకోలేక ఆయాసపడినట్టు. ఆయనకి ఎంతో ఇష్టమైన పెట్టె, దాన్ని చేత్తో ఒక్కటి కొట్టాడు. మళ్లీ వెంటనే ఆ చేత్తోనే తిత్తిని తడుముకుంటూ చిల్లు వెతికాడు. మా అమ్మ కట్టిచ్చిన మూటలోంచి మైదా ఉండ తీసి, తన పంచె అంచు చించి, రెండూ కలిపి అతికించాడు. "గాలి పోయే చోటు తెలీకుండా ఎంత తొక్కినా ఏం లాభంరా" అన్నాడు నాతో. కాటిసీను అయ్యేసరికి తెల్లారుజాము మూడున్నర. ఆ అతుకు నిలబడింది.

బ్యారీ ఆ రోడ్డు పక్కన పెట్టెని కాసేపు దూరం నుంచే చూస్తాడు. తర్వాత పరుగున వెళ్లి ఎత్తుకొచ్చి తన బల్ల మీద పెట్టుకుంటాడు. ఒక మెట్టు నొక్కి వింటాడు. ఆ సినిమాలో అతను తనంతట తాను, తనకిష్టమై, ఏ భయమూ లేకుండా విన్న మొదటి శబ్దం అది. తర్వాత దాని తిత్తిలో చిల్లు కనపడితే టేపు అతికిస్తాడు. నేను మొదటిసారి చూసినప్పుడు అక్కడ సినిమా ఆపి బయటికెళ్లి నిలబడ్డా. మా నాన్న పంచె అంచు కళ్ల ముందుకొచ్చింది.

ఇంక నీకే తెలిసి ఉంటుంది. ఆ హార్మోనియం మీద అతను వెతుక్కునే రెండు మూడు స్వరాలే సినిమా ముందుకుపోయేకొద్దీ ప్రేమ సంగీతమవుతాయి. దరువు ఎక్కడ తగ్గుతుందో, పాట ఎక్కడ లేస్తుందో విను. లీనా ఉన్న చోట లేస్తుంది. ఆమె ఎర్ర గౌనూ ఇతని నీలం సూటూ పక్కపక్కన పడ్డప్పుడు మధ్యలో వచ్చే రంగుల చారలు జెరెమీ బ్లేక్ అనే చిత్రకారుడు చేసినవి. అవి చూసి అర్థం వెతకబాకు, రాగం ఆలపించేటప్పుడు మాటల కోసం వెతకం కదా.

పుడ్డింగు గోల చిన్నదే. ఒక కంపెనీ తన ఆహార పదార్థాలు కొంటే విమాన ప్రయాణపు మైళ్లు ఇస్తామంటుంది. అన్నిటికన్నా చవక సరుకు పుడ్డింగు కప్పు, అంటే చిన్న కప్పులో అమ్మే మెత్తటి తీపి పదార్థం, అని, దాని ధరకన్నా వచ్చే మైళ్ల విలువే ఎక్కువని బ్యారీ కనిపెడతాడు. ఇది కల్పన కాదు. 1999లో కాలిఫోర్నియాలో ఒక సివిల్ ఇంజినీరు నిజంగానే పన్నెండువేలకి పైగా కప్పులు సుమారు మూడువేల డాలర్లకి కొని, పన్నెండు లక్షలకి పైగా మైళ్లు సంపాదించాడు. లేబుళ్లు ఊడదీయడానికి మనుషులు చాలక, ఒక సేవాసంస్థకి పుడ్డింగు దానమిచ్చి వాళ్ల చేత ఊడదీయించాడు. కథలో దీని పని ఏమిటంటే, ఎక్కడికీ వెళ్లని మనిషి ప్రపంచమంతా తిరిగేన్ని మైళ్లు పోగేస్తున్నాడు. తీరా లీనా కోసం హవాయి వెళ్లాల్సి వచ్చేసరికి ఆ మైళ్లు చేతికి రావడానికి వారాలు పడుతుందని తెలుస్తుంది. డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కుని వెళ్తాడు. లెక్కలు పక్కనపెట్టి చేసిన మొదటి పని అదే.

ఆ హవాయి ప్రయాణం మీద ఒక పాట వస్తుంది. 1980లో వచ్చిన ఒక పాత సినిమా కోసం హ్యారీ నిల్సన్ రాస్తే షెల్లీ డువాల్ పాడింది. గాయని గొంతు కాదు ఆమెది, నటి గొంతు. అటూ ఇటూ తూలుతుంది. అయినా, అతనికి నా అవసరం ఉందని ఒక ఆడమనిషి తనలో తాను మురిసిపోవడానికి ఆ తూలుడు గొంతే సరిపోయింది. బాగా పాడే గాయనిని పెట్టి మళ్లీ పాడించి ఉంటే చెడిపోయేది.

నువ్వు అడిగిన చివరి మాట దగ్గరికొస్తున్నా. ప్రేమ దొరికితే బాగైపోతాడా?

సినిమా ఆ మాట అనట్లేదు, అబ్బయ్యా. జాగ్రత్తగా చూడు. లీనా పరిచయమయ్యాకే హోటల్లో బాత్రూం పగలగొడతాడు. ఆ గొడవకి కారణం కూడా ఆ సుత్తి కథే, వాళ్లక్క లీనాకి కూడా చెప్పేసింది. హోటల్ మేనేజరు బయటికి పొమ్మంటాడు. లీనా ఏమైందని నిలదీయదు, లేచి అతనితో నడిచి వస్తుంది. తర్వాత తనని బెదిరిస్తున్న ముఠా వాళ్లు కారుతో గుద్ది లీనాని గాయపరిస్తే, బ్యారీ వాళ్లని ఇనప కడ్డీతో బాదుతాడు. ఆసుపత్రిలో ఆమెని వదిలేసి ఆ ముఠా నాయకుడి మీదికి యూటా దాకా పోతాడు. చేతిలో ఫోను రిసీవరు అట్లాగే ఉంటుంది. ఆ నాయకుడిగా వేసిన ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ కూడా ఎంత అరుస్తాడో చూశావుగా. కోపిష్టికి కోపిష్టి ఎదురుపడ్డాడు. అక్కడ కొట్లాట జరగదు. బ్యారీ నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ గదిలో దరువు లేదు, గమనించు. కోపం పోలేదు, హోరు పోయింది. తిరిగొచ్చి, ఆసుపత్రిలో వదిలేసి వెళ్లినందుకు లీనా దగ్గర తల వంచుకుని నిలబడతాడు, ఆ హార్మోనియం మోసుకుపోయి మరీ.

నెల్లూరులో నేను దగ్గర్నుంచి చూసిన ఒక కథ చెప్తా. పేర్లు వద్దు.

మా దూరపు బంధువొకడు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం వ్యాపారి దగ్గర గుమాస్తా. ఐదుగురక్కలు, ఒక్కో ఊళ్లో ఒకరు, కావలి, గూడూరు, అట్లా. ముప్పై ఆరొచ్చినా పెళ్లి కాలేదు. ఒక సంక్రాంతికి అందరూ చేరినప్పుడు, పెద్దక్క పొద్దున్నుంచి కాచిన చేపల పులుసు చట్టిని ఎత్తి వాకిట్లో కుమ్మరించాడు. అప్పట్నుంచి ఇంట్లో ఆయన పేరే పులుసోడు. ప్రతి పండక్కి ఆ కథ, ప్రతి పండక్కి నవ్వులు.

అక్కలు ఆయన్ని రొట్టెల పండక్కి తీసుకెళ్లారు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, దేనికది కేకలేసి అడుగుతారు. ఈయన నెత్తిన కర్చీఫు కప్పుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. గట్టుమీంచి ఐదుగురూ "పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె" అని అరుస్తున్నారు. ఎదురుగా బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన ఒకామె రొట్టె పట్టుకుని ఉంది, బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఈయన ఆమెని అడిగాడు: "నిద్ర పట్టేదానికి ఏదన్నా రొట్టె ఉండాదామ్మా?"

ఆమె నవ్వలేదు. "నాకూ పట్టేది కాదు. పోయినేడు ఆరోగ్య రొట్టె తీసుకున్నా, డాక్టరు కాడికీ పోయినా. ఇప్పుడు పడతా ఉండాది. తీసుకోండి" అని చేతిలో పెట్టింది.

పెద్దక్క చీర ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగొచ్చి, ఏ రొట్టె అని అడిగింది. ఆరోగ్య రొట్టె అనగానే తిట్లు లంకించుకుంది, చెప్పింది ఒకటి చేసింది ఒకటని. ఆ కుట్టుపని ఆమె నిదానంగా అంది, "ఆయనకి నిద్ర పట్టట్లేదని మీకెవరికీ తెలీదా?"

ఐదుగురూ గమ్మునైపోయారు. ఆ జనంలో, ఆ కేకల్లో, ఆ ఐదడుగుల మేర నిశ్శబ్దం ఎట్లుంటుందో నాకు ఆయన చెప్తుంటేనే వినపడింది.

మరుసటేడు ఇద్దరూ కలిసే వెళ్లి రొట్టెలిచ్చారు. ఈలోపు ఆయన కూడా డాక్టరుకి చూపించుకున్నాడు, మందులు వాడాడు. పెళ్లయింది. కోపం ఇప్పటికీ ఉంది. పోయిన వేసవిలో వాళ్లింటికెళ్లా. కూర్చుని మాట్లాడుతుంటే పైన ఫ్యాను ఒకటే టిక్కు టిక్కు. నా చెవికి అది మొదట్నుంచీ గుచ్చుకుంటోంది, అలవాటు కొద్దీ. ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద బిగుసుకుంటున్నాయి. ఆమె నాతో మాటాడుతూనే లేచి, రెగ్యులేటరు నాలుగు మీదనుంచి రెండుకి తిప్పి, మాట తెగకుండా వచ్చి కూర్చుంది. ఆయన వేళ్లు వదులయ్యాయి. లీనా చేసింది కూడా అదేనని నాకు ఆ రోజు తెలిసింది. అతనికి ఏ మోత వినపడుతోందో ఆమెకి పట్టింది.

నీ గురించి రెండు మాటలు. హీరో అచ్చం నాలాగే ఉన్నాడని రాశావు. ఆ మాటని నేను ఊరికే వదిలిపెట్టను. నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చేతికందింది విసరడం, ఇవి నీకూ ఉంటే, పళ్ల డాక్టరు బావ దగ్గరికి కాకుండా సరైన మనిషి దగ్గరికి వెళ్లు. ఒంగోల్లో, నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, ఓపీలో మానసిక వైద్య విభాగం ఎక్కడని అడుగు. ముందు ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళయినా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కలకి చెప్పాలా వద్దా అనేది తర్వాత ఆలోచించుకోవచ్చు. చెప్పదలిస్తే ముగ్గుర్లో ఒక్కరికి చెప్పు, ఎక్కువ వినే అక్కకి.

ఇంకోటి, ఇది శబ్దం పని చేసినవాడిగా చెప్తున్నా. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి ఎనిమిది గంటలు దాటితే చెవికి హాని. అక్కణ్ణించి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి సగం తగ్గించుకోవాలి. రాయి కోసే చోట అంతకన్నా ఎక్కువే మోగుతుంది. సూపర్‌వైజరువి కాబట్టి నువ్వు ఇయర్‌మఫ్ పెట్టుకుంటే నీ కింద కుర్రాళ్లూ పెట్టుకుంటారు. చెవిలో హోరు ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు. రాత్రి హోరు తగ్గితే సగం కోపానికి కారణం పోతుంది. ఇది నా వృత్తిలో నేను చూసిన సంగతి.

ఆదివారం తీరికగా మళ్లీ పెట్టుకో సినిమా. ఈసారి హెడ్‌ఫోన్లతో, సౌండు తక్కువగా. హవాయిలో బ్యారీ వీధి పక్కన ఫోను బూత్‌లో నిలబడి, అక్కని అరిచి అడిగి లీనా ఉన్న చోటు కనుక్కుని, ఆమెకి ఫోను కలుపుతాడు. ఆ బూత్‌లో ఒక దీపం ఉంది. అది ఏ మాట దగ్గర వెలిగిందో చూసి నాకు రాయి.